బంతిపువ్వు బొటనవేలు

దేవిశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నాలుగేళ్ళ తన కూతురు లక్ష్మీదుర్గకి మాణిక్యాంబ గారు ఏదో ఒక పువ్వు పేరు పెట్టేస్తారని.

భయాలకేం, ఆమెకి బోలెడు. పిల్ల బఠాణీ గింజ ముక్కులో పెట్టుకుంటుందని, హైవే మీద చెయ్యి విడిపించుకుంటుందని, నిద్రలో దుప్పటి మొహం మీదకి లాక్కుంటుందని. అవన్నీ వచ్చిపోయే భయాలు. ఈ పువ్వు భయం మాత్రం పొద్దున్నే పిల్లకి పిలక వేస్తుంటే మొదలై, సాయంత్రం చంకనేసుకుని ఇంటికొచ్చేదాకా గుండెల్లో కూర్చునే ఉంటుంది. ఎందుకంటే ఆమె పూలు కట్టడానికి వెళ్ళే షెడ్డులో ఒకసారి పువ్వు పేరు పడిందంటే ఇంక మనిషి ఉండదు. పువ్వే ఉంటుంది.

కడియపులంకలో హైవే పక్కన నీలం టార్పాలిన్ కట్టిన రేకుల షెడ్డు మాణిక్యాంబ గారిది. వెనకాల రెండెకరాల కనకాంబరం, చామంతి తోట కూడా ఆవిడదే. పెళ్ళికూతుళ్ళ పూలజడలకి ఆ షెడ్డు పెట్టింది పేరు. పది మంది ఆడవాళ్ళు పీటలేసుకుని కూర్చుని పూలు కడుతుంటారు. ఆవిడ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. జడకి ఆర్డరివ్వాలంటే పెళ్ళికూతుర్ని వెంటబెట్టుకుని రావాలి, అది అక్కడి పద్ధతి. ఆ పిల్లని పది అడుగులు నడవమంటారు. టీ ఇప్పించి ఎలా తాగుతుందో చూస్తారు. రెండు ప్రశ్నలు వేస్తారు. అప్పుడు కళ్ళు సగం మూసుకుని, "నువ్వు సన్నజాజివమ్మా, సాయంత్రమైతేగానీ నోరు విప్పవు," అనో, "ముద్దమందారం, నిండుగా ఉంటావు గానీ ఒక్క పూటే ఓపిక," అనో తేల్చేస్తారు. ఆ పువ్వుతోనే జడ.

ఇదంతా ఆవిడ సరదాకి మొదలెట్టిందే. మూడేళ్ళ కిందట కోడలు సూర్యకళ ఫోన్లో వీడియోలు తీసి నెట్‌లో పెట్టడం మొదలెట్టాక సరదా కాస్తా వేదం అయింది. ఛానెల్‌కి 'పూలమ్మ మాట' అని పేరు పెట్టింది. ఇప్పుడు రాజమండ్రి నుంచీ, తణుకు నుంచీ పెళ్ళితో పనిలేని వాళ్ళు కూడా కార్లేసుకుని, మేం ఏం పువ్వో చెప్పండి అంటూ వస్తారు.

పెనుగొండ నుంచి ఒక పెళ్ళికూతురు వచ్చింది నిరుడు. కాస్త గట్టిగా మాట్లాడే పిల్ల. "మొగలిపువ్వు," అన్నారు మాణిక్యాంబ గారు. "వాసన ఊరంతా వస్తుంది, దగ్గరికెళితే ముళ్ళు." పక్కనే ఉన్న కాబోయే అత్తగారు నవ్వింది గానీ ఆ మాట కొంగున ముడేసుకుని వెళ్ళింది. ఆరు నెలలకి ఆ పిల్ల పుట్టింట్లో ఉందని తెలిసింది. అత్తవారు ఎవరడిగినా ఆ వీడియోయే చూపిస్తున్నారట. కబురు విన్న మాణిక్యాంబ గారు తమలపాకు నములుతూ, "చూశారా, నేను అప్పుడే చెప్పానా లేదా," అన్నారు. ఎర్రటి ఆ నాలుక కనబడగానే దేవిశ్రీ మొహం తిప్పేసుకుంది.

దేవిశ్రీకి తన పువ్వు పనిలో చేరిన రోజే వచ్చింది.

"ఎంతవరకు చదివావమ్మాయ్?"

"ఇంటర్ ఫస్టియర్లో ఆపేశారండి. పెళ్ళి చేసేశారండి."

"కాగడా మల్లె," అన్నారావిడ. "దూరం నుంచి చూస్తే మల్లెపువ్వే. ముక్కు దగ్గర పెట్టుకుంటేగానీ తెలీదు, లోపలేం లేదని."

అందరూ నవ్వారు. దేవిశ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే రోత. ఆ రోజు నుంచి షెడ్డులో ఆమె పేరు కాగడా. ఆమె భర్త జానకిరామ్ నర్సరీల నుంచి మొక్కలు తోలే టాటా ఏస్ నడుపుతాడు. అతనికి ఎవరో చెప్పారు. "కాగడా గారూ, కాస్త మంచినీళ్ళు," అనేవాడు ఇంట్లో. ముద్దుకే అనేవాడు. ముద్దుకి అన్న మాట కూడా ఒక్కోసారి గోరు విరిగిన వేలికి తగిలినట్టు తగులుతుందని అతనికి తట్టలేదు.

అలాగని ఆ పేర్లని అసహ్యించుకునే వాళ్ళు ఎవరూ లేరక్కడ, దేవిశ్రీ తప్ప. ఉన్నమాట మొహం మీద అనేస్తుందని పక్క పీట హెలెన్‌కి గన్నేరు అని పేరు. ఆమె దాన్ని పతకంలా పెట్టుకుని తిరిగేది. "నేను గన్నేరుని తల్లీ, నన్ను కొరికితే నువ్వే పోతావ్," అనేది. అందరిలోకి తన పేరు చూసుకుని మురిసిపోయింది మాత్రం సుబ్బాయమ్మ.

సుబ్బాయమ్మకి యాభై ఎనిమిదో అరవయ్యో ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్క కూతురు, పట్టిసీమ అవతల ఇచ్చారు, ఏడాదికోసారి చూపు. షెడ్డు వెనక గదిలో ఒక్కతే ఉంటుంది. ఆవిడ్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి మరీ చెప్పేవారు మాణిక్యాంబ గారు.

"మా సుబ్బాయమ్మ బంతిపువ్వండి. గుమ్మానికి కట్టండి, లారీకి కట్టండి, నేలకేసి కొట్టండి. నీళ్ళు చల్లకపోయినా నాలుగు రోజులు నవ్వుతూనే ఉంటుంది."

"ఆయ్, అంతేనండి," అని నవ్వేది సుబ్బాయమ్మ, పళ్ళన్నీ కనబడేట్టు.

బంతిపువ్వు కాబట్టి ఆవిడ పీట ఎడమ మూల, వాన కారే చోట, వాడిన పూలు పోసే కుప్ప పక్కన. బంతిపువ్వు కాబట్టి తోట నుంచి తడి బస్తాలు మోసేది ఆవిడే. అందరూ తిన్నాక క్యారేజీ విప్పేది ఆవిడే. ఎవరికైనా జ్వరమొస్తే ఆ పని కూడా ఆవిడకే. ఎలా ఉన్నావని ఆవిడ్ని అడిగినవాళ్ళు లేరు. బంతిపువ్వుని ఎవరడుగుతారు? దేవిశ్రీ మాత్రం ఏం తక్కువ తింది? ఏడాదిన్నరగా పిల్లని ఆవిడ ఒళ్ళోకి తోసి, "పిన్నీ, కాస్త చూడవా," అని తన పనిలో తాను పడేది. ఆ ఒళ్ళు బరువెక్కుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

సుబ్బాయమ్మ పూలు కట్టే తీరు పాతకాలంది. దారం కొస కుడికాలి బొటనవేలికి ఉచ్చులా తగిలించుకుని, కాలు చాపి, దారాన్ని బిగువుగా లాగుతూ చకచకా కట్టుకుపోయేది. ఇదివరకు తడిపిన అరటినార వాడేవారు. మెత్తగా ఉండేది. నార తెగుతోందని, జడ వీడియోలో సన్నగా మెరవాలని, ఉగాది వెళ్ళాక సూర్యకళ నైలాన్ దారం తెప్పించింది. తక్కినవాళ్ళంతా మేకులకి తగిలించుకునేవాళ్ళు. సుబ్బాయమ్మకి కాలే అలవాటు.

శ్రావణమాసం వచ్చింది. పెళ్ళిళ్ళు, వ్రతాలు, పైన ఆగని వాన. పూలు తడిసి వస్తాయి, బస్తా మూతి విప్పగానే వేడిగా ఆవిరి కొడుతుంది. వాడిన చామంతులు కుప్పలో నల్లబడి జారుడుగా తయారై, కిందనించి పసుపుపచ్చటి నీళ్ళు కారేవి. షెడ్డంతా కంపు. పైన అత్తరు చల్లేది సూర్యకళ, వచ్చినవాళ్ళ కోసం. అత్తరూ కుళ్ళూ కలిసిన ఆ వాసన ఇంటికెళ్ళి తలస్నానం చేసినా దేవిశ్రీ జుట్టు వదిలేది కాదు. అన్నం ముద్దలో కూడా అదే.

ఆ రోజుల్లోనే లక్ష్మీదుర్గ, సుబ్బాయమ్మ ఒళ్ళోకి వెళ్ళనని మొరాయించడం మొదలెట్టింది.

"వద్దు. కంపు."

"అందరి దగ్గరా కంపేనే, పూల కంపు," అంది దేవిశ్రీ, వీపు మీద ఒకటి వేసి. ఎవరన్నా విన్నారేమోనని ఆమె బాధ. కానీ లోలోపల ఆమెకీ అనిపిస్తూనే ఉంది. ముసలావిడ ఒంటరిది, ఈ వానల్లో సరిగ్గా స్నానం చేస్తోందో లేదో అనుకుంది. అనుకుని ఏం చేసింది? తన పీట నాలుగు జానలు ఇటు జరుపుకుంది. జరుపుకున్నది సుబ్బాయమ్మ చూసింది కూడా. చూసి నవ్వింది.

ఒక బుధవారం రాజమండ్రి నుంచి ఒక కుటుంబం వచ్చింది. చేతినిండా ఉంగరాలున్న ఒక పెద్దావిడా, ఇద్దరు కూతుళ్ళూ. సూర్యకళ ఫోన్ పట్టుకుని తిరుగుతోంది. వానకి అంగన్‌వాడీకి పంపలేదు, పిల్ల షెడ్డులోనే ఉంది. సుబ్బాయమ్మ మరమరాల పొట్లం చూపించి, "రావే నా తల్లీ," అని చెయ్యి చాపింది. పిల్ల మొహం చిట్లించి, భుజాలు దగ్గరికి లాక్కుని, వెనక్కి వెనక్కి వెళ్ళి స్తంభానికి అతుక్కుపోయింది.

మాణిక్యాంబ గారి కళ్ళు సగం మూతపడ్డాయి.

"ఇదిగో, దీని సంగతి ఇవాళ తెలిసిందండి," అన్నారావిడ. "అత్తిపత్తి. పువ్వు ముద్దుగానే ఉంటుంది, చెయ్యి తగిలిందా, ముడుచుకుపోతుంది. కావాలంటే ముట్టుకు చూడండి."

ఉంగరాలావిడ వంగి లక్ష్మీదుర్గ బుగ్గ మీద వేలితో పొడిచింది. పిల్ల ముడుచుకుంది. అందరూ గొల్లుమన్నారు. పెద్ద కూతురు పొట్టలో పొడిచింది. పిల్ల ఇంకా ముడుచుకుంది.

"ఇంకోసారి ఆంటీ," అంది సూర్యకళ. "మొహం ఇటు తిప్పండి, వెలుతురు పడట్లేదు."

ఆవిడ గడ్డం పట్టుకుని తిప్పి ఇంకోసారి పొడిచింది.

దేవిశ్రీ చేతిలో సగం కట్టిన కనకాంబరం మాల ఉంది. లేవాలి. లేచి పిల్లని ఎత్తుకోవాలి. లేవలేదు. మాలలో ఇంకో రెండు పూలు కట్టింది కూడా. అందుకు ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

సాయంత్రం జానకిరామ్ ఫోన్ చూపిస్తూ వచ్చాడు. "మన పిల్ల ఫేమస్ అయిపోయిందే. నలభై వేలమంది చూశారట." అని వేలు చాపాడు, సరదాకి. లక్ష్మీదుర్గ మంచం కిందకి దూరిపోయింది.

"చూశావా, నిజంగానే అత్తిపత్తి," అన్నాడు.

"నువ్వు కూడా ఏంటండీ," అంది దేవిశ్రీ. కోపంలో నువ్వూ మీరూ కలిసిపోయాయి.

ఆ తర్వాత వారం రోజులు, వేళ్ళు. ఎటు చూసినా వేళ్ళు. కిరాణా కొట్లో బెల్లం అంటుకున్న వేలు. ఆటోలో ఖైనీ నలిపిన వేలు. అంగన్‌వాడీలో ఆయా వేలు, చాక్‌పీసు పొడితో టీచరమ్మ వేలు. పక్కింటి వాళ్ళింటికి వచ్చిన చుట్టాల వేళ్ళు, అన్నం తిని ఇంకా కడుక్కోనివి. "అత్తిపత్తీ," అని పిలవడం, పొడవడం, అది ముడుచుకోగానే ఇకిలించడం. పిల్ల గుడ్లనీళ్ళు కుక్కుకుంటే, "అబ్బో, ఎంత చక్కగా ముడుచుకుంటుందో," అని ఇంకోసారి. దేవిశ్రీ కళ్ళు మనుషుల చేతుల మీదే ఉండేవి. ఆ గోళ్ళల్లో మట్టి, ఆ కణుపుల మీద వెంట్రుకలు. బియ్యంలో పురుగుల్ని చూసినట్టు చూసేది వాటిని. ఇంటికి రాగానే పిల్ల బుగ్గలు సబ్బుతో రుద్దేది. ఎర్రబడేదాకా రుద్ది, మళ్ళీ అయ్యో అని ముద్దు పెట్టుకునేది.

అలా ఒక రోజు పొద్దున స్నానం చేయిస్తూ అడిగింది. "సుబ్బమ్మమ్మ అంటే నీకిష్టమే కదమ్మా. నీకు మరమరాలు పెడుతుంది కదా. ఎందుకలా వెనక్కి వెళ్ళిపోయావు?"

పిల్ల చెంబులోని నీళ్ళలోకి చూస్తూ చాలా మామూలుగా చెప్పింది.

"అమ్మమ్మ కాల్లో ఎలక చచ్చిపోయిందమ్మా."

దేవిశ్రీ చేతిలో చెంబు ఆగిపోయింది. ఎండాకాలంలో వాళ్ళ బియ్యం డ్రమ్ము వెనక ఎలక చచ్చి, మూడు రోజులు వెతికితేగానీ దొరకలేదు. పిల్ల అప్పుడు ఆ వాసనకి ఇంట్లోకే రానని ఏడ్చింది. ఆ వాసన దానికి బాగా తెలుసు. కుళ్ళిన పువ్వుకీ చచ్చిన ఎలకకీ తేడా షెడ్డులో పది మంది పెద్దవాళ్ళ ముక్కులకి తెలియలేదు, నాలుగేళ్ళ పిల్లకి తెలిసింది.

తడిచేతులతోనే షెడ్డుకి వెళ్ళింది. అప్పటికే తణుకు పెళ్ళి జడ పని మొదలైపోయింది. సుబ్బాయమ్మ మూలన కాలు చాపుకుని సన్నజాజులు కడుతోంది. బొటనవేలికి పాత చీరపీలిక చుట్టి ఉంది, ఆ పీలిక మీదే నైలాన్ దారం ఉచ్చు బిగించి ఉంది. పీలిక అంచున ఆకుపచ్చగా ఏదో ఎండిపోయింది.

"పిన్నీ, కాలు చూపించు."

"ఏముందే అందులో. దారం కోసింది కాస్త. బంతాకు పసరు పెట్టాను, మానిపోతుంది."

"బంతిపువ్వుకి బంతాకు వైద్యమా," అంది హెలెన్. కొందరు నవ్వారు.

"దానికేం కాదు గానీ కాగడా, నువ్వు వెళ్ళి కూర్చో," అన్నారు కుర్చీలోంచి మాణిక్యాంబ గారు. "పదకొండింటికి జడ ఇవ్వాలి."

దేవిశ్రీ కూర్చుంది, సుబ్బాయమ్మ కాళ్ళ దగ్గర. దారం తెంపి, పీలిక విప్పింది. చివరి చుట్టు రాలేదు, అతుక్కుపోయింది. నీళ్ళు పోసి నానబెట్టి లాగింది.

వేలు నల్లగా ఉంది. తాటిపండు మగ్గినట్టు మెత్తబడి ఉంది. దారం పడే చోట చుట్టూ లోతుగా గాడి, అందులో పసరూ చీమూ కలిసిన ముద్ద. ఆ ముద్దలో తెల్లగా బియ్యపు గింజల్లా ఉన్నాయి. అవి కదిలాయి.

దేవిశ్రీ పక్కకి తిరిగి చామంతుల బుట్టలో వాంతి చేసుకుంది. హెలెన్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎవరో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లేచి బయటికి పరిగెత్తారు.

సుబ్బాయమ్మ మాత్రం మెడ సాచి, ఎదురింటి వాళ్ళ సంగతి చూస్తున్నట్టు తన వేలిని చూసుకుంది.

"అయ్యో. ఇది ఎప్పుడైందే?"

దేవిశ్రీ మూతి తుడుచుకుని ఆవిడ అరిపాదం గిల్లింది. గోరు దిగేలా గిల్లింది. సుబ్బాయమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "ఏం చేస్తున్నావే," అని అడిగింది, చూశాకే.

జానకిరామ్ బండి తెచ్చాడు. వెనకాల క్రోటన్ మొక్కలు దించకుండానే, వాటి మధ్య సుబ్బాయమ్మని కూర్చోబెట్టి రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దారి పొడుగునా ఆవిడ ఒకటే గోల, జడ ఆలస్యమైపోతుందని. చూసిన డాక్టరమ్మ చిన్నపిల్లే, దేవిశ్రీ వయసే ఉంటుంది.

"ఇన్ని రోజులు నొప్పి లేదామ్మా?"

"లేదండి. నాకు అలాంటివేం ఉండవండి. నేను బంతిపువ్వునండి."

డాక్టరమ్మ అర్థంకాక దేవిశ్రీ వైపు చూసింది. రక్తం పరీక్ష కాగితం వచ్చాక బయటికి పిలిచి చెప్పింది. షుగర్ నాలుగువందలు దాటి ఉందట. ఎన్నేళ్ళ నుంచో ఉండి ఉంటుందట. రెండు పాదాల్లోనూ స్పర్శ చచ్చిపోయిందట. దారం రోజూ కోస్తున్నా ఆవిడకి తెలియకపోవడం అందుకేనట. వేలు తియ్యక తప్పదు, ఇంకో నాలుగు రోజులు ఆగుంటే పాదం పోయేది అంది.

వరండాలో దేవిశ్రీ ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. పదేళ్ళుగా షెడ్డంతా కలిసి మెచ్చుకున్నది దేన్ని? మండే తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచేస్తుందని, గులాబీ ముళ్ళ మీద కాలేసినా కిక్కురుమనదని చెప్పుకుని నవ్విందంతా ఈ జబ్బునే. తానూ నవ్వింది. పీట జరుపుకుంది.

వేలు తీసేశారు. మూడోరోజు మధ్యాహ్నం మాణిక్యాంబ గారు పలకరించడానికి వచ్చారు. చేతిలో బత్తాయిలూ, పెద్ద బంతిపూల దండా. వెనకాల సూర్యకళ, ఫోన్. వచ్చీరాగానే సుబ్బాయమ్మ తల దువ్వించారు. దిండు ఎత్తు పెట్టించారు. దండ మెళ్ళో వేసి, కట్టు కనిపించేలా దుప్పటి తొలగించి, ఫోన్ వైపు తిరిగి కళ్ళు సగం మూసుకున్నారు.

"చూడండి మా బంతిపువ్వుని. ఒక్క రేకు రాలినంత మాత్రాన బంతి బంతి కాకుండా పోతుందా? చూడండి, ఆ నవ్వు చూడండి."

సుబ్బాయమ్మ నవ్వింది. మందుల మత్తులో పెదాలు ఎండిపోయి పళ్ళకి అంటుకుంటున్నాయి, అయినా నవ్వింది. దేవిశ్రీ మంచం దగ్గరికి జరిగింది.

"రేకు కాదండి అది. బొటనవేలు."

మాణిక్యాంబ గారు తల తిప్పారు. "ఏంటే, కాగడాకి కూడా వాసన పుట్టిందే."

"వాసనే వచ్చిందండి. పది రోజులకి పైనే వచ్చింది. మీ కుర్చీకీ ఆవిడ పీటకీ మధ్య నాలుగడుగులండి. వచ్చేపోయే ప్రతి పిల్లనీ నడిపించి, టీ తాగించి మరీ చూస్తారు కదండీ. ఈవిడ కాలు ఒక్కసారి చూశారా? నేనూ చూళ్ళేదనుకోండి. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను."

"ఆస్పత్రిలో పంచాయితీలేంటే," అంది సూర్యకళ, ఫోన్ దించకుండానే.

"నా పిల్ల వీడియో తీసెయ్యండి సూర్యకళ గారూ."

"లక్షా పదివేల మంది చూశారు, తీసెయ్యమంటావేంటి? మీకే కదా పేరు."

"అందరూ వచ్చి వేళ్ళు పెట్టి పొడుస్తున్నారండి దాన్ని. మీ సొంత పిల్లయితే పెట్టుండేవారా?"

మాణిక్యాంబ గారు మంచం పక్క కుర్చీలోంచి లేచారు. అరవలేదు. ఆవిడెప్పుడూ అరవరు. "చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళతో ఇదేనమ్మా చిక్కు. రేపట్నుంచి నువ్వు షెడ్డుకి రానక్కర్లేదు," అన్నారు, బత్తాయిల సంచి సర్దుతూ. నర్సమ్మ వచ్చి వార్డులో పూలు పెట్టకూడదంటూ ఆ దండ తీయించేసింది. వెళ్తూ వెళ్తూ మాణిక్యాంబ గారు ఆ దండని కూడా పట్టుకుపోయారు.

పని పోయిందని జానకిరామ్ ఆ రోజంతా సణిగాడు. కానీ సాయంత్రం కిరాణా కొట్లో షాపాయన, "ఏదీ మన అత్తిపత్తి," అని వేలు చాపితే, పిల్లని ఎత్తుకుని భుజం అటు తిప్పేశాడు. "దాని పేరు లక్ష్మీదుర్గ అండి," అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో కూడా కాగడా అనే మాట వినపడలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక వారం రోజులు దేవిశ్రీయే సుబ్బాయమ్మ గదికి వెళ్ళి జావ కాచిపెట్టింది, మాత్రలు మింగించింది, పాదాలు రెండూ తిప్పి తిప్పి చూసింది. మళ్ళీ పూలు కట్టాల్సొస్తే కాలు వాడకుండా ఉండాలని, జానకిరామ్ చేత ఒక చెక్కకి మేకు కొట్టించి తీసుకెళ్ళి ఇచ్చింది. లక్ష్మీదుర్గ ఆ గది గుమ్మంలో నిలబడి గాలి పీల్చి చూసి, నెమ్మదిగా వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. అది చూసి దేవిశ్రీకి ఏడుపొచ్చింది.

ఎనిమిదో రోజు వెళ్ళేసరికి గదికి తాళం. సుబ్బాయమ్మ షెడ్డులో ఉంది.

"ఇంట్లో కూర్చుంటే ఏం బాగుంటుందే," అంది రోడ్డు మీదకి వచ్చి, గుసగుసగా, వెనక్కి చూసుకుంటూ. "పూలమ్మ గారు పిలిపించారు. నేను లేక మూల బోసిపోయిందట. బంతిపువ్వు లేని గుమ్మంలా ఉందన్నారు."

"మేకు చెక్క వాడుతున్నావా పిన్నీ?"

"చెయ్యి తిరగట్లేదే దానితో. సరే, నువ్వెళ్ళు. నువ్వొస్తే ఆవిడకి గిట్టట్లేదు. గొడవలొద్దు నాకు. గదికి కూడా రాకే కొన్నాళ్ళు."

వెళ్ళిపోతున్న ఆవిడ కాళ్ళు చూసింది దేవిశ్రీ. కుడికాలికి మట్టి కొట్టుకుపోయిన కట్టు. ఎడమకాలి బొటనవేలి చుట్టూ సన్నగా, ఎర్రగా, కొత్తగా ఒక గీత.

అది జరిగి పన్నెండు రోజులైంది. దేవిశ్రీ రెండుసార్లు షెడ్డు దాకా వెళ్ళింది. రెండుసార్లూ సూర్యకళ గుమ్మంలోనే ఆపేసింది. పట్టిసీమ అవతల ఉన్న కూతురి ఫోన్ మోగుతుంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. కొనేవాళ్ళని మాత్రం అక్కడ ఎవరూ ఆపరు.

అందుకని, మీరెవరైనా రాజమండ్రి నుంచి కడియపులంక మీదుగా వెళ్తుంటే, నీలం టార్పాలిన్ షెడ్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. జడకి ఆర్డరిస్తామనండి, ఏదో ఒకటి అనండి. మాణిక్యాంబ గారు మీరేం పువ్వో చెప్తానంటారు, చెప్పనివ్వండి. ఆవిడ కళ్ళు మూసుకున్నప్పుడు మీరు ఎడమ మూలకి వెళ్ళండి, వాడిన పూల కుప్ప పక్కన సుబ్బాయమ్మ ఉంటుంది. నొప్పి ఉందా అని అడగొద్దు, లేదని నవ్వుతుంది. కాస్త వంగి, ఆవిడ ఎడమకాలి బొటనవేలు చూడండి. పీలిక చుట్టి ఉంటే విప్పి చూడండి.